ఆజ్ఞాబద్ధయంత్రము

విధి అను మాట మన దేశమున చేసిన మేలెంతయో కీడెంతయో లెక్కించుట కష్టము. ఓర్పు నేర్పినంతవరకు అది మేలే చేసినది. ప్రశ్నింపవలసిన చోట నోరు కట్టివేసినప్పుడు మాత్రము కీడు చేసినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదలుగా మన సంస్కర్తలు పోరాడినది చాలవరకు ఈ రెండవ విధితోనే. ఆ పోరాటము ముగిసినదని మనము తృప్తిపడుచుండగా విధికి క్రొత్త పర్యాయపదమొకటి పుట్టినది. వృద్ధురాలి పింఛను ఆగినదేమని అడిగినను, రేషను కార్డులో కోడలి పేరు చేరలేదేమని అడిగినను, కార్యాలయపు బల్ల ఆవలినుండి వచ్చు సమాధాన మొక్కటే: "కంప్యూటరు తీసుకోవడం లేదండీ." అడిగినవారు తలవంచుకొని ఇంటికి పోవుదురు. మనిషి కాదన్నచో తగవులాడువారు సైతము యంత్రము కాదన్నదని వినగానే మౌనము వహింతురు.

ఈ మౌనమునకు కారణము భయము కాదు, అజ్ఞానము. యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో తెలియనివానికి అది దేవతయైనను కావచ్చును, దయ్యమైనను కావచ్చును. తెలిసినవానికి అది ఆజ్ఞలను వరుసగా నెరవేర్చు నొక సేవకుడు మాత్రమే. కంప్యూటరునకు గుండెవంటిదగు ప్రాసెసరు ఆజ్ఞను ఎట్లు అందుకొనునో, ఎట్లు గ్రహించునో, ఎట్లు నెరవేర్చునో, ఈ పద్ధతి లోకమునకు ఏ త్రోవను వచ్చినదో చదువరులకు మనవి చేయదలచితిమి. ఇందులో గ్రహింపరాని గహనమేదియు లేదు. ఛందస్సులో గణవిభజన నేర్చినవారికిని, ఇంటి పద్దు వ్రాసికొను గృహిణికిని ఇది సులభముగా తెలియగల విషయమే.

మొదట యంత్రము యొక్క అక్షరములను చూతము. దానికి తెలిసినవి రెండే గుర్తులు, సున్నయు ఒకటియు. తీగలో విద్యుత్తు లేకున్న సున్న, ఉన్న ఒకటి. రెండే గుర్తులతో ఇంత ప్రపంచమును ఎట్లు వ్రాయగలరని సందేహింపనక్కరలేదు. మన ఛందశ్శాస్త్రమున్నదియు రెండు గుర్తులే కదా, లఘువు, గురువు. మూడేసి అక్షరముల కూర్పులను తీసికొన్నచో ఎనిమిది మాత్రమే సాధ్యములు: మ, య, ర, స, త, జ, భ, న గణములు. పింగళుని ప్రస్తారక్రమమున ఇవి ఇదే వరుసలో వచ్చును. గురువును సున్నగను లఘువును ఒకటిగను భావించి, ఎడమవైపు అక్షరమును ఒకట్ల స్థానముగా గ్రహించినచో, మగణము సున్న, యగణము ఒకటి, రగణము రెండు. ఇట్లే నగణము ఏడగును. పింగళుడు కంప్యూటరును కనిపెట్టెనని చెప్పుట మా ఉద్దేశము కాదు. అట్టి గొప్పలు మనకు మేలు చేయవు. రెండు గుర్తులతో లెక్కించు పద్ధతి మన బుద్ధికి పరాయిది కాదని చెప్పుటయే మా ఉద్దేశము.

ఇక ఆజ్ఞల చరిత్ర. అది గణితశాస్త్రమున కాక నేతమగ్గము మీద మొదలైనదని చెప్పిన ప్రత్తి పండించు మన సీమవారికి వింతగను సంతోషముగను ఉండును. 1804లో ఫ్రాన్సు దేశపు లియోను నగరవాసి జకార్డు అనునతడు రంధ్రములు గల అట్టలతో మగ్గమును నడిపెను. అట్టలో రంధ్రమున్న చోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. అట్టల వరుస మార్చినచో బట్టమీది పువ్వు మారును. వెంకటగిరి మున్నగు చోట్ల మన నేతవారు జకార్డు అట్టలని నేటికిని వాడుచున్నవి ఈ జాతివే. యంత్రము ఒకటే, ఆజ్ఞలు వేరైనచో పని వేరగును. కంప్యూటరు శాస్త్రమంతటికిని ఇదియే బీజము.

ఇంగ్లండులో చార్లెసు బాబేజి ఈ బీజమును గణితక్షేత్రమున నాటెను. ఆయన 1837లో వర్ణించిన యంత్రమునకు రెండు భాగములు. అంకెలను దాచు భాగమునకు 'స్టోరు' అనియు, వానిని కూడి తీసి గుణించు భాగమునకు 'మిల్లు' అనియు బట్టల పరిశ్రమనుండి తెచ్చిన పేర్లు పెట్టెను. సరకును నిలువచేయు గోదామొకటి, సరకును మార్చు మిల్లొకటి, రెంటి నడుమ రాకపోకలు. మిర్చి కోల్డు స్టోరేజిలును జిన్నింగు మిల్లులును ఎరిగిన గుంటూరువారికి ఇంతకంటె తేలికగా ఎవరును చెప్పజాలరు. ఆ యంత్రము ఆయన జీవితకాలమున పూర్తికాలేదు. కాని 1843లో ఏడా లవ్లేసు అను విదుషి దానికి వ్రాసిన వ్యాఖ్యలో ఒక సత్యమును స్థిరముగా చెప్పినది: ఈ యంత్రము తనంతట దేనిని సృజింపదు, ఎట్లు చేయవలెనో మనము ఆజ్ఞాపింపగలిగిన దానినే అది చేయును. నూట ఎనుబదియేండ్లకు పైబడినను ఈ వాక్యార్థమును జీర్ణించుకొనని కార్యాలయములు ఇంకను పెక్కు గలవు.

1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాకు అను యంత్రము మహావేగము గలది. కాని దానికి క్రొత్త పని అప్పగింపవలెనన్న తీగలు విప్పి మరల తగిలింపవలసియుండెను. ఆ పనికి కొన్నాళ్లు పట్టెడిది. దానికి మొదటి ఆజ్ఞావళులను సిద్ధపరచినవారు ఆరుగురు స్త్రీలు. ఆడపిల్లకు గణితమేలయను పెద్దలు మన యిండ్లలో ఇంకను ఉన్నచో ఈ సంగతి వారికి చదివి వినిపింపదగును.

తీగలు మార్చు బాధను తప్పించు నుపాయము 1945లో జాన్ వాన్ నాయిమను వ్రాసిన పత్రమున స్పష్టముగా కానవచ్చును. ఆజ్ఞలను కూడ అంకెలుగా వ్రాసి, అంకెలు దాచు గోదాములోనే దాచవలెననుటయే ఆ ఉపాయము. దానిని కార్యరూపమున తొలిసారి నిలిపినది మాంచెస్టరు నగరము. స్వదేశీ దినములలో మన తాతలు ఏ ఊరి బట్టను బహిష్కరించిరో ఆ మాంచెస్టరే. అచటి విశ్వవిద్యాలయమున విలియమ్సు, కిల్బరను, టూటిలు అనువారు నిర్మించిన చిన్నయంత్రము 1948 జూను 21వ తేదీన తన స్మృతిలోనే దాచబడిన ఆజ్ఞలను తానే చదివి నెరవేర్చెను. దాని స్మృతిలో 32 గదులు మాత్రమే. ఆజ్ఞ యెట్టిదో తెలుపుటకు మూడు గుర్తుల స్థలము కేటాయింపబడినది. మూడు గుర్తులకు కూర్పులు ఎనిమిది యని మన గణములే చెప్పుచున్నవి. ఆ యంత్రమెరిగిన ఆజ్ఞలు ఏడు. దానికి కూడిక కూడ రాదు, తీసివేతయే వచ్చును. ఐనను 2,62,144 అను సంఖ్యను శేషము లేకుండ భాగింపగల సంఖ్యలలో, దానిని విడిచి, అన్నిటికంటె పెద్దది 1,31,072 అని 52 నిమిషములలో తేల్చెను. మనము నోటితో చెప్పగల సమాధానమే, సగము చేసిన చాలును. కాని ఆ యంత్రమునకు సగము చేయుమని ఎవరును చెప్పలేదు. క్రిందికి ఒక్కొక్క సంఖ్యను పరీక్షింపుమని చెప్పిరి. చెప్పినట్లే చేసినది.

ఆ చేయుట యెట్టిదో ఇప్పుడు లోపలికి పోయి చూతము. గుంటూరులోని బ్రాడీపేట నెరిగినవారికి యంత్రస్మృతిని వేరుగా వర్ణింపనక్కరలేదు. ఆ పేటలో లైనులకు సంఖ్యలున్నవి, వానిని ఖండించు అడ్డరోడ్డులకు సంఖ్యలున్నవి. నాలుగవ లైను ఏడవ అడ్డరోడ్డు అనగా 4/7 అని వ్రాసిన చాలును, క్రొత్తవాడును త్రోవ తప్పడు. కంప్యూటరు స్మృతియు ఇట్టి పేటయే. వెనుకటి యంత్రములలో ఇది అక్షరాల సత్యము. అడ్డుతీగలు, నిలువుతీగలు అల్లి, అవి కలియు ప్రతి కూడలియందును ఆవగింజవంటి ఇనుపజాతి వలయమును గ్రుచ్చెడివారు. ఒక అడ్డుతీగలో సగము, ఒక నిలువుతీగలో సగము విద్యుత్తును పంపినచో, రెండును కలిసిన కూడలిలోని వలయమొక్కటే నిండు బలమును పొంది తన అయస్కాంతదిశను మార్చుకొనును. తక్కినవి కదలవు. ఆ దిశయే సున్నకో ఒకటికో గుర్తు.

ఈ పేటలో ఒక చిన్న లెక్కను నడిపింతము. రైతు ఇరువదియైదు మిర్చి టిక్కీలు తెచ్చెను. ఒక్కొక్కటి 40 కిలోలు. మొత్తమెంత? మన యంత్రమునకు గుణకారము రాదనుకొందము. నాలుగవ లైనులో అంకెలను ఉంచుదము: 4/1లో 40, 4/2లో 25, 4/3లో సున్న, 4/4లో 1. మొదటి లైనులో ఆజ్ఞలను ఉంచుదము:

1/1: 4/3లోని అంకెను చేతిలోనికి తీసికొనుము.
1/2: దానికి 4/1లోని అంకెను కలుపుము.
1/3: చేతిలోనిదానిని 4/3లో పెట్టుము.
1/4: 4/2లోని అంకెను చేతిలోనికి తీసికొనుము.
1/5: దానినుండి 4/4లోని అంకెను తీసివేయుము.
1/6: చేతిలోనిదానిని 4/2లో పెట్టుము.
1/7: చేతిలో సున్న కానిచో 1/1కు పొమ్ము.
1/8: ఆగుము.

ప్రాసెసరు వద్ద రిజిస్టర్లను చిన్న పలకలు కొన్ని యుండును. ఒక పలకమీద తరువాత పోవలసిన ఇంటి సంఖ్య వ్రాసియుండును. రెండవదానిమీద ఇప్పుడు తెచ్చిన ఆజ్ఞ వ్రాసియుండును. మూడవది మనము చేయి యని పిలిచినది, లెక్క జరుగుచున్న అంకె నిలుచు స్థలము. పని మూడు మెట్లలో సాగును. మొదటి పలకలోని విలాసమునకు పోయి అచటి ఆజ్ఞను తెచ్చుకొనుట మొదటి మెట్టు. ఆ క్షణముననే పలకలోని విలాసము ఒక యిల్లు ముందుకు జరుగును. ఆ ఆజ్ఞ ఏ జాతిదో, ఏ యింటిని గూర్చినదో గుర్తించి తగిన ద్వారములను తెరచుట రెండవ మెట్టు. నెరవేర్చుట మూడవ మెట్టు. ఆపై మరల మొదటి మెట్టు. పొమ్మను ఆజ్ఞ వచ్చినప్పుడు జరుగునదెల్ల మొదటి పలకమీది విలాసమును చెరిపి క్రొత్తది వ్రాయుటయే. మనము ఆలోచన యని, నిర్ణయమని భ్రమపడునది ఈ చెరిపివ్రాతయే.

మన లెక్కలో ఏడు ఆజ్ఞలు ఇరువదియైదు సారులు తిరిగి, చివర ఆగుమను ఆజ్ఞ ఒకటి. మొత్తము 176 మెట్లవరుసలు. 4/3లో 1,000 నిలుచును. లెక్క సరిపోయినది. ఇప్పుడు చదువరులు ఒక్క క్షణమాగి మరియొక రైతును ఊహింపవలెను. అతడు ఆనాడు సరకు తేలేదు. 4/2లో సున్న వ్రాసితిమి. యంత్రము ముందు 40 కలుపును. పిమ్మట సున్ననుండి ఒకటి తీసివేయును. సున్నకు తక్కువైన అంకె చేతిలో నిలుచును. అది సున్న కాదు గనుక మరల 1/1కు పోవును. లేని టిక్కీలను తూచుచు, లేని బరువును కూడుచు, మనము కోరినచోట ఆగక తిరుగుచునే యుండును. తప్పెవరిది? యంత్రము ఆజ్ఞను జవదాటలేదు. సరకు తేని రైతు ఒకడు ఉండవచ్చునని తలపని వ్రాతగాని తప్పది.

కూడిక సైతము లోపల ఇంతే నిరాడంబరముగా జరుగును. రెండు గుర్తులలో ఒక్కటి మాత్రమే ఒకటైనచో మొత్తము స్థానమున ఒకటి. రెండును ఒకటులైనచో ఆ స్థానమున సున్న, ఎడమకు ఒకటి ఎక్కును. ఈ నియమములను తర్కరూపమున 1854లో జార్జి బూలు శాస్త్రీకరించెను. అట్టి తర్కమును విద్యుత్తు మీటలతో నడుపవచ్చునని 1937లో క్లాడు షానను తన సిద్ధాంతవ్యాసమున చూపెను. ఇక ఈ మెట్లన్నియు తప్పక కలిసి నడచుటకు తాళము వేయువాడొకడు కావలెను. యంత్రమందలి గడియారము ఆ పని చేయును. నేటి ప్రాసెసర్లలో అది సెకనుకు 300 కోట్ల దెబ్బలు వేయుట సామాన్యము. ఒక దెబ్బకు మరొక దెబ్బకు నడుమ వెలుగు సైతము సుమారు 10 సెంటీమీటర్లు, అనగా జానెడులో సగము దూరమే పోగలదు. ఒక ఆజ్ఞ నెరవేరుచుండగనే రెండవది గుర్తింపబడుచు, మూడవది తేబడుచుండును. జిన్నింగు మిల్లులో ఒక తడవ ప్రత్తి బేళ్లుగా కట్టబడుచుండగా మరియొక తడవ గింజ తీయబడుచు, వేరొకటి బండినుండి దిగుచుండుట వంటిదే యిది. వేగము పెరిగినది గాని స్వభావము మారలేదు.

మన దేశమున ఈ విద్య ఎట్లు వేరూనెను? 1955లో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు ఇంగ్లండునుండి ఒక కంప్యూటరు వచ్చెను. కొన్నదానితో తృప్తిపడక బొంబాయిలోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థలో నరసింహన్ గారి నాయకత్వమున మనవారే యొకటి నిర్మించిరి. 1960లో పనికి వచ్చిన ఆ యంత్రమున వలయస్మృతి గదులు 2,048. ఒక్కొక్క గదిలో 40 గుర్తులు. 1962లో నెహ్రూగారు దానికి టిఫ్రాకు అని నామకరణము చేసిరి. తెలుగుదేశపు వంతు 1967లో వచ్చినది. ఆ యేట హైదరాబాదులో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను స్థాపింపబడెను. దానిని నెలకొల్పి నడిపిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమగోదావరి జిల్లావారు, 1914లో జన్మించినవారు. ట్రాంబేలో రూపొందిన పండ్రెండు గుర్తుల కంప్యూటరు టి. డి. సి. 12 ను 1969 జనవరిలో విక్రమ్ సారాభాయిగారు ప్రారంభించిరి. దాని స్మృతి 4,096 గదులు; 64 లైనులు, 64 అడ్డరోడ్లు గల పేటయనుకొన్న సరిపోవును. ఈ వంశపు యంత్రములనే హైదరాబాదు సంస్థ తయారుచేసినది. 1975లో పదునారు గుర్తుల టి. డి. సి. 316 వచ్చినది. హైదరాబాదులోని ఏ. ఎస్. రావు నగరము ఆయన పేరనే వెలసినది. ఆ పేరును నిత్యము పలుకువారిలో ఆయన ఏమి చేసెనో చెప్పగలవారెందరో!

ఇంతలో అమెరికాలో 1971లో ప్రాసెసరు మొత్తము ఒక్క చిన్న బిళ్లమీదికి దిగెను. ఇంటెల్ 4004 అను ఆ బిళ్లలో ట్రాన్సిస్టర్లు 2,300. నేడు మన చేతి ఫోనులలోని కొన్ని బిళ్లలపై వేయి కోట్లకు మించి యున్నవి. గదినిండ నిలిచిన యంత్రము జేబులోనికి వచ్చినది. దానిని గూర్చిన జ్ఞానము మాత్రము జేబుదాటి తలలోనికి పోలేదు.

పోకున్న నష్టమేమియని అడుగువారికి బ్రిటనులోని తపాలావారి కథ సమాధానము. 1999 మొదలు అచటి తపాలా కార్యాలయములలో హొరైజను అను లెక్కల వ్యవస్థను ప్రవేశపెట్టిరి. దాని లెక్కలో డబ్బు తక్కువ కనబడినప్పుడెల్ల కార్యాలయము నడుపువారిని దొంగలనిరి. 2015 వరకు 900 మందికి పైగా శిక్ష పడినది. కొందరు చెరసాలకు పోయిరి, కొందరు దివాలా తీసిరి. తాము తీయలేదని వారు మొరపెట్టుకొన్నను, కంప్యూటరు సరిగనే పనిచేయునని ముందుగా ఊహించు న్యాయస్థానములలో ఆ మొర నిలువలేదు. 2019లో ఉన్నత న్యాయస్థానము ఆ వ్యవస్థలో దోషములున్నవని తేల్చినది. 2024లో శిక్షలను రద్దుచేయుటకు ప్రత్యేకముగా చట్టమే చేయవలసివచ్చినది. యంత్రము పగబట్టలేదు. వ్రాసిన ఆజ్ఞలలో దోషమున్నది. ఆ దోషముండవచ్చునని ఒప్పుకొనని మనుష్యులున్నారు.

ప్రాసెసరే తప్పు చేయదా యని మరియొక ప్రశ్న. చేయును. 1994లో పెంటియమను ప్రాసెసరు కొన్ని భాగహారములను తప్పుగా చేయుచున్నదని ఒక గణితాచార్యుడు కనిపెట్టెను. లోపలి పట్టికలో ఐదు గళ్లు నింపకుండ విడిచిపెట్టుటయే కారణము. అదియు మనిషి చేతి లోపమే. కనిపెట్టినదియు, సందేహించి మరల లెక్కించిన మనిషియే. ఇటీవల మాటలు కూర్చి, బొమ్మలు గీసి, తామే ఆలోచించుచున్నట్లు తోచు యంత్రములును వచ్చినవి. వాని అడుగున జరుగునదియు ఈ తెచ్చుట, గుర్తించుట, నెరవేర్చుటయే. అపారమైన గుణకారములు, కూడికలు. అవి ఏ ఉదాహరణములనుండి నేర్చెనో ఆ ఉదాహరణములను ఎన్నుకొన్నవారు మనుష్యులు. వాని తీర్పును ఏ పనికి వాడవలెనో నిశ్చయించువారును మనుష్యులే. ఆజ్ఞల మూట పెద్దదైనంతమాత్రమున బాధ్యత మాయమైపోదు.

కావున మేము కోరునది కంప్యూటరు ద్వేషము కాదు. పోచంపల్లి చీరకు ఆసు పోయుటలో తల్లి పడు శ్రమ చూడలేక యంత్రము చేసిన చింతకింది మల్లేశముగారు బడిచదువు మధ్యలో మానినవారు. ఐనను ఆజ్ఞలతో నడచు ఎలక్ట్రానికు పనిముట్టును స్వయముగా నేర్చి దానికి అమర్చిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. లోపల ఏమున్నదో తెలిసినవానికి యంత్రము కీలుగుఱ్ఱము, తెలియనివానికి గ్రామదేవత.

మన బడులలో కంప్యూటరు చదువనగా మీటలు నొక్కుట నేర్పుటయే యగుచున్నది. గుంటూరువంటి విద్యాకేంద్రమున పిల్లలు వేనవేలు ప్రశ్నలకు జవాబులు కంఠస్థము చేయుచున్నారు గాని, జవాబు ఎట్లు పుట్టెనో అడుగుట నేర్చుట తక్కువ. దీనికి ధనమక్కరలేదు. ఒక కాగితముమీద గళ్లు గీసి పేటను చేయుడు. చింతపిక్కలను అంకెలుగా ఉంచుడు. ఒక బిడ్డ విలాసపు పలకను పట్టవలెను, ఒకడు ఆజ్ఞను చదువవలెను, ఒకతె నెరవేర్చవలెను. పైన చెప్పిన ఎనిమిది ఆజ్ఞలను నడిపి చూడుడు. పిమ్మట సరకు తేని రైతు వచ్చినచో ఆగునట్లు ఆజ్ఞలను దిద్దుమని వారినే అడుగుడు. ఏడవ తరగతి పిల్లలు దిద్దగలరు. తెలుగులోనే చెప్పవచ్చును, ఇంగ్లీషు రాదన్న సాకు ఇచట చెల్లదు.

మిర్చి యార్డునకు పోయిన రైతు కాటాను చూడక తూకమును ఒప్పుకొనడు. ముల్లు ఎచట నిలిచినదో చూచును, తరుగు ఎంత తీసిరో, ఏల తీసిరో అడుగును. చదువురాని రైతుకున్న ఈ హక్కును చదువుకొన్న మనము కంప్యూటరు ముందు విడిచిపెట్టుట సిగ్గుచేటు. బల్ల ఆవలివారు "కంప్యూటరు తీసుకోవడం లేద"న్నప్పుడు, అందులో ఏ నియమము వ్రాసియున్నది, వ్రాసినవారెవరు, దిద్దవలసినవారెవరు అని మర్యాదగా అడుగుడు. ఆ ప్రశ్నకు యంత్రము బదులు చెప్పదు. చెప్పవలసినవారు మనుష్యులు.